ఆల్ఫ్వెన్ తరంగానికి చిక్కిన అయాను: ఒక కక్ష్యా ప్రోగ్రాము ప్రాజెక్టు డైరీ

1వ రోజు

అతి వేడి ప్లాస్మాను, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లు విడివిడిగా తిరిగే వాయువును, అయస్కాంత క్షేత్రంతో వలయాకారంలో బంధించే యంత్రం టోకమాక్. ఆ ప్లాస్మాలో తలెత్తే అస్థిరతలు అధిక శక్తి గల అయాన్లను ఎలా చోటు మారుస్తాయో చదవడం వేరు, ఒక్క అయానును నా చేతులతో వదిలి అది ఎటు పోతుందో కూర్చుని చూడటం వేరు. ఆ రెండో పని కోసమే ఈ ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను.

డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిసినప్పుడు వెలువడే 17.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిలో 14.1 న్యూట్రాన్ పట్టుకుపోతుంది. దానికి ఆవేశం లేదు కాబట్టి అయస్కాంత క్షేత్రం దాన్ని ఆపలేదు. మిగిలిన 3.5 ఆల్ఫా కణానికి దక్కుతుంది, ప్లాస్మాను వేడిగా నిలిపే భారమంతా దాని మీదే పడుతుంది. ఫ్రాన్స్‌లోని కడరాష్ వద్ద కడుతున్న ఇటర్ అనే టోకమాక్ అనుకున్న 500 మెగావాట్ల సంలీన శక్తిని ఇచ్చిన రోజున అందులో 100 మెగావాట్లు ఆల్ఫా కణాలవి, బయటి నుంచి పంపే వేడి 50 మెగావాట్లే. ఆ ఆల్ఫాలు తమ శక్తిని ప్లాస్మాకు అప్పజెప్పకముందే అంచుకు కొట్టుకుపోతే వేడి తగ్గడం ఒక నష్టం, ఆ శక్తి గోడ మీద ఏదో ఒక చిన్న చోట కేంద్రీకరించి పడటం ఇంకో నష్టం.

ఇది ఊహించి భయపడుతున్న సంగతి కాదు. ప్రిన్‌స్టన్‌లోని పీడీఎక్స్ టోకమాక్‌లో తటస్థ కణపుంజంతో ప్లాస్మాను వేడి చేస్తున్నప్పుడు 1 నుంచి 6 మిల్లీసెకన్లకు ఒకసారి ఒక కంపనం ఉబికి వచ్చేదనీ, వచ్చిన ప్రతిసారీ న్యూట్రాన్ల సంఖ్య పడిపోయేదనీ, పుంజం ఇచ్చే శక్తిలో 20 నుంచి 40 శాతం వరకు పోతూ ఉండవచ్చనీ 1983లోనే ప్రచురించారు. గోడ దగ్గరి తీగచుట్టల్లో నమోదైన ఆ సంకేతం చేప ముల్లులా కనిపించడం వల్ల దానికి ఫిష్‌బోన్ అనే పేరే స్థిరపడింది.

నేను ఎంచుకున్నది ఫిష్‌బోన్ కాదు, దాని తరువాత ప్రసిద్ధికెక్కిన టొరాయిడల్ ఆల్ఫ్వెన్ కంపనం. యంత్రం కొలతలు సాన్ డియాగోలోని డీ-త్రీ-డీ టోకమాక్‌కు దగ్గరగా పెట్టుకున్నాను: పెద్ద వ్యాసార్థం (వలయం నడిమధ్య నుంచి ప్లాస్మా కేంద్రం దాకా) 1.67 మీటర్లు, చిన్న వ్యాసార్థం (ప్లాస్మా కేంద్రం నుంచి దాని అంచు దాకా) 0.67 మీటరు, కేంద్రంలో క్షేత్రం 2 టెస్లా, ఘనమీటరుకు 5 లక్షల కోట్ల కోట్ల డ్యుటీరియం అయాన్లు, పుంజం నుంచి వచ్చే అయాను శక్తి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అసలు యంత్రంలో ప్లాస్మా అడ్డుకోత ఇంగ్లిషు డి అక్షరంలా ఉంటుంది, నాది గుండ్రం. తొలి ప్రయత్నానికి ఇంతకన్నా నిజాయితీ అక్కరలేదనుకున్నాను.

3వ రోజు

ఏ సమీకరణాలు వాడాలన్న ప్రశ్న ఒక్క గుణకారంతో తేలిపోయింది. 2 టెస్లా క్షేత్రంలో డ్యుటీరియం అయాను సెకనుకు సుమారు ఒకటిన్నర కోట్ల సార్లు గిరగిరా తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 66 నానోసెకన్లు. ఐదు మిల్లీసెకన్ల పాటు దాన్ని వెంబడించి, ఒక్కో చుట్టుకు ముప్పై అడుగులు వేస్తే ఒక్క అయానుకే దాదాపు 23 లక్షల అడుగులవుతాయి. నాకు కావలసింది ఆ గిరగిరలు కావు, ఆ చిన్న వలయం కేంద్రం పట్టే దారి మాత్రమే. గిరగిరలను సగటు చేసి కేంద్రాన్ని మాత్రమే కదిపే గైడింగ్ సెంటర్ పద్ధతిలో 0.1 మైక్రోసెకండు అడుగు చాలు, మొత్తం యాభై వేల అడుగులతో పని ముగుస్తుంది. ఈ పద్ధతిలో అయాను అయస్కాంత భ్రామకం, అంటే దాని గిరగిరల శక్తిని క్షేత్రబలంతో భాగిస్తే వచ్చేది, మారదని ముందే ఒప్పుకుంటాము. తరంగం పౌనఃపున్యం గిరగిరల పౌనఃపున్యంలో వందో వంతు ఉన్నంతకాలం ఆ ఒప్పందానికి భంగం లేదు.

సమీకరణాలను వైట్, చాన్స్ అనే పరిశోధకులు 1984లో ఇచ్చిన హామిల్టోనియన్ రూపంలో, అంటే శక్తి సూత్రం నుంచే చలనాన్ని రాబట్టే రూపంలో, రాసుకున్నాను. ఈ రూపంలో నిత్యరాశులు, అంటే కాలంతో మారని రాశులు, ఏవో చూడగానే తెలుస్తాయి, ప్రోగ్రాము తప్పు చేస్తే పట్టుకోవడానికి నా చేతిలో ఉన్న తూకపురాళ్లు అవే. పైథాన్‌లో రాసి నంబాతో వేగం పెంచాను, కాలాన్ని నడపడానికి నాలుగో తరగతి రుంగె-కుట్టా పద్ధతి వాడాను.

8వ రోజు

తరంగం లేని టోకమాక్‌లో అయాన్లను వదిలాను. కొన్ని వలయం చుట్టూ నిరాటంకంగా తిరిగాయి, కొన్ని లోపలి వైపున్న బలమైన క్షేత్రాన్ని తట్టుకోలేక వెనక్కి మళ్లుతూ అరటిపండు ఆకారపు కక్ష్యలు గీశాయి. పుస్తకాల్లో ఎన్నోసార్లు చూసిన ఆ ఆకారం నా తెర మీద మొదటిసారి గీసుకున్నప్పుడు కలిగిన సంతోషం గురించి ఇక్కడ రాయను, ఎందుకంటే అది పది నిమిషాలే నిలిచింది.

ఈ స్థితిలో మూడు రాశులు మారకూడదు: శక్తి, అయస్కాంత భ్రామకం, వలయం వెంట కోణీయ ద్రవ్యవేగం. ఈ మూడో దానిలో అయాను సొంత చలనంతోపాటు, అది నిలబడిన చోట ఎంత అయస్కాంత అభివాహం లోపల ఉన్నదో చెప్పే భాగమూ ఉంటుంది. ఆ అభివాహ భాగమే ఈ కథకంతటికీ కీలకం, ఎందుకంటే అయాను వ్యాసార్థం ఎంతో చెప్పేది అదే. నా ప్రోగ్రాములో శక్తి పదో దశాంశ స్థానం దాకా నిలిచింది గాని, కోణీయ ద్రవ్యవేగం ప్రతి చుట్టులోనూ ఒక శాతం మేర పైకి కిందికి ఊగింది. ఊగి మళ్లీ మొదటి విలువకే వచ్చింది. అడుగుల లెక్కలో లోపమైతే విలువ ఒకే దిక్కుకు జారుతూ పోయేది. ఇలా ఊగి వెనక్కి రావడమంటే చలనం సరిగానే ఉండి, పద్దు రాసేవాడు తప్పు రాస్తున్నాడన్నమాట.

రెండు గంటల తరువాత దొరికింది. క్షేత్రరేఖ అడ్డుకోత చుట్టూ ఒకసారి తిరిగేలోపు వలయం చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పేది భద్రతా గుణకం. చలన సమీకరణాల్లో దాన్ని సూత్రం నుంచి తీసుకుంటున్నాను, కేంద్రంలో 1.2 నుంచి అంచులో 5 దాకా వ్యాసార్థం వర్గంతో పెరిగే సూత్రమది. అభివాహాన్ని మాత్రం ముందెప్పుడో చేసిన పట్టికలోంచి తీస్తున్నాను, ఆ పట్టిక 1.0 నుంచి మొదలయ్యే పాత సూత్రానిది. అభివాహాన్ని ఆ గుణకం నుంచే సమాకలనం చేసి లాగరిథమ్ సూత్రంగా రాసేసరికి ఊగిసలాట మాయమైంది. ఒకే విషయాన్ని రెండు చోట్ల రాసి పెట్టుకుంటే ఏదో ఒకనాడు అవి రెండూ తగవు పడతాయి.

12వ రోజు

ఇక తరంగం. హాన్నెస్ ఆల్ఫ్వెన్ 1942లో చెప్పినట్టు, ప్లాస్మాలోని అయస్కాంత రేఖలు తంబురా తీగల్లా బిగువు కలిగి, అయాన్ల బరువును మోస్తూ కంపిస్తాయి. ఆ కంపనం రేఖ వెంట పరుగెత్తే వేగం క్షేత్రబలంతో పెరుగుతుంది, సాంద్రత వర్గమూలంతో తగ్గుతుంది. నా ప్లాస్మాలో అది సెకనుకు సుమారు 4,370 కిలోమీటర్లు.

మామూలుగా ఈ తరంగం ఎక్కువసేపు బతకదు. ఒక్కో వ్యాసార్థం దగ్గర క్షేత్రం, సాంద్రత, రేఖల మెలిక వేరు కాబట్టి ఒక్కో పొర ఒక్కో పౌనఃపున్యంలో ఊగి, పొరుగు పొరతో శ్రుతి తప్పి, కంపనమంతా ముక్కలై అణగిపోతుంది. అయితే టోకమాక్ వలయాకారంగా ఉండటం వల్ల క్షేత్రం లోపలి వైపు బలంగా, బయటి వైపు బలహీనంగా ఉంటుంది. ఆ తేడా పక్కపక్క రెండు తరంగాలను ముడివేసి, వాటి పౌనఃపున్యాల మధ్య ఒక ఖాళీని తెరుస్తుంది. ఆ ఖాళీలో పొరలతో తగవు పడకుండా నిలబడగల కంపనం ఒకటి ఉంటుందని చెంగ్, చెన్, చాన్స్ 1985లో లెక్కగట్టారు. 1991లో ప్రిన్‌స్టన్‌లోని టీఎఫ్‌టీఆర్‌లోనూ డీ-త్రీ-డీలోనూ పుంజపు అయాన్లు దాన్ని నిజంగానే లేపాయి.

నేను వలయం చుట్టూ మూడు అలలు, అడ్డుకోత చుట్టూ నాలుగు, ఐదు అలలు ఉన్న కంపనాన్ని తీసుకున్నాను. భద్రతా గుణకం 1.5 ఉన్న చోట, అంటే కేంద్రం నుంచి 19 సెంటీమీటర్ల దగ్గర, అది కూర్చుంటుంది. పౌనఃపున్యం 139 కిలోహెర్ట్జ్ వచ్చింది. నిజమైన ప్రయోగంలో పుంజం తోపుకు ప్లాస్మా మొత్తం తిరుగుతూ ఉంటుంది కాబట్టి బయటి పరికరానికి వినిపించే పౌనఃపున్యం ఇంకా ఎక్కువగా ఉంటుంది. నా ప్లాస్మా నిశ్చలం.

అయానుకు తరంగానికి పొత్తు, అంటే అనునాదం, కుదరాలంటే రేఖ వెంట అయాను వేగం ఆల్ఫ్వెన్ వేగానికి సమానంగా గాని, అందులో మూడో వంతుగా గాని ఉండాలి. 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల డ్యుటీరియం అయాను మొత్తం వేగమే సెకనుకు 2,770 కిలోమీటర్లు కాబట్టి మొదటిది దానికి అందదు. మూడో వంతు, అంటే 1,460 కిలోమీటర్లు, సులువుగా అందుతుంది. ఆ వేగంతో పోయే అయాను ఒక తరంగ కాలంలో, అంటే 7.2 మైక్రోసెకన్లలో, వలయాన్ని సరిగ్గా ఒకసారి చుట్టివస్తుంది. చుట్టి వచ్చిన ప్రతిసారీ తరంగం అదే స్థితిలో ఎదురవుతుంది. ఇలా కాగితం మీద సంఖ్యలు ఒకదానితో ఒకటి అతుక్కున్నప్పుడు కంప్యూటరు ముట్టుకోకుండా ఇంకాసేపు ఉండాలనిపిస్తుంది.

15వ రోజు

తరంగం ఉన్నప్పుడు శక్తి గాని కోణీయ ద్రవ్యవేగం గాని విడిగా నిలవదు. కాని తరంగం ఒకే ఆకారంతో వలయం చుట్టూ తిరుగుతున్నది కాబట్టి, శక్తిలోంచి కోణీయ ద్రవ్యవేగాన్ని తగిన గుణకంతో హెచ్చించి తీసివేస్తే మిగిలేది మారదు. ఆ గుణకం తరంగ కోణీయ పౌనఃపున్యాన్ని వలయపు అలల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. దీన్నే తూకపురాయిగా పెట్టి పరీక్షించాను. ఏడో దశాంశ స్థానం దాకా నిలిచింది. సంతృప్తిపడి పడుకున్నాను.

17వ రోజు

ఆ సంతృప్తి తొందరపాటు. ఇవాళ ఏదో అనుమానంతో ఒక చిల్లర పరీక్ష చేశాను: శక్తి ఏమీ లేని అయానును తరంగం మధ్యలో నిలబెట్టాను. రేఖ వెంట దాన్ని తోసేది ఏదైనా ఉంటే అది రేఖ వెంట ఉండే విద్యుత్ క్షేత్రమే. ఆదర్శ ఆల్ఫ్వెన్ కంపనంలో తేలికైన ఎలక్ట్రాన్లు అటూ ఇటూ పరుగెత్తి ఆ క్షేత్రాన్ని చెరిపేస్తాయి, కాబట్టి నిలబెట్టిన అయాను రేఖతోపాటు పక్కకు ఊగాలే తప్ప రేఖ వెంట కదలకూడదు. నాది కదిలింది. క్షేత్రంలో వెయ్యో వంతు కంపనానికి సెకనుకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో రేఖ వెంట ముందుకూ వెనక్కూ పోయింది.

తప్పు ఏమిటంటే, తరంగపు అయస్కాంత భాగాన్ని రాశాను గాని విద్యుత్ పొటెన్షియల్‌ను కలపడం మరిచిపోయాను. ఆ రెండూ ఒకదానికొకటి కట్టుబడి, రేఖ వెంట విద్యుత్ క్షేత్రాన్ని సున్నా చేయాలి. మరి నా తూకపురాయి ఈ తప్పును ఎందుకు పట్టలేదు? ఆ నిత్యరాశి తరంగపు ఆకారంలోని సౌష్ఠవం నుంచి వచ్చింది. పొటెన్షియల్ ఉన్నా లేకపోయినా తరంగం అదే తీరులో తిరుగుతుంది, కాబట్టి తప్పు తరంగంలో కూడా ఆ రాశి ముచ్చటగా నిలుస్తుంది. సమీకరణాలను నేను సరిగా సాధిస్తున్నానని అది చెప్పింది, సరైన సమీకరణాలను సాధిస్తున్నానని కాదు.

ఈ లోపం ఫలితాన్ని ఎంత మార్చేదో కాగితం మీద చూశాను. సరైన లెక్కలో తరంగం అయానును పట్టుకునే బలం, రేఖ వెంట అయాను వేగానికీ ఆల్ఫ్వెన్ వేగానికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. మూడో వంతు వేగంతో పోయే అయానుకు ఆ తేడా ఆల్ఫ్వెన్ వేగంలో మూడింట రెండు వంతులు. పొటెన్షియల్ లేకపోతే తేడా స్థానంలో అయాను వేగం ఒక్కటే మిగులుతుంది, అది మూడింట ఒక వంతు, పైగా వ్యతిరేక గుర్తుతో. అంటే పట్టు సగానికి పడిపోయేది, పట్టు చిక్కే ప్రాంతపు వెడల్పు పట్టు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు 0.7 వంతుకు తగ్గేది. నమ్మదగినట్టు కనిపించే తప్పు సమాధానం వచ్చి ఉండేది. అసంబద్ధమైన సమాధానం కన్నా ఇది ఎక్కువ ప్రమాదకరం.

దీనితోపాటు ఒక భౌతిక విషయం కూడా నాకు ఇవాళే సరిగా అర్థమైంది. రేఖ వెంట విద్యుత్ క్షేత్రమే లేనప్పుడు అయాను, తరంగం శక్తిని ఎలా ఇచ్చిపుచ్చుకుంటాయి? క్షేత్రరేఖలు వంగి ఉండటం వల్ల వేగంగా పోయే అయాను రేఖను వదిలి మెల్లగా నిలువు దిక్కుకు జారుతుంది. రేఖకు అడ్డంగా ఉన్న విద్యుత్ క్షేత్రం ఆ జారుడుతో పని చేయించుకుంటుంది. లావాదేవీ అంతా ఆ పక్క జారుడు మీదే నడుస్తుంది. ఆ జారుడు అడ్డుకోత చుట్టూ ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ మారుతుంది కాబట్టే నాలుగు అలల తరంగం మూడు అలలు ఉన్నట్టు అయానుకు తోస్తుంది, మూడో వంతు వేగపు అనునాదం అక్కడి నుంచే పుడుతుంది.

22వ రోజు

సరిదిద్దిన తరంగంలో అయాన్లను వదిలి పోయంకరే చిత్రాలు గీశాను. పాత చోక్ ట్యూబ్‌లైటు వెలుతురులో ఫ్యాను రెక్కలు ఒక్కోసారి ఆగినట్టు కనిపిస్తాయి, ఇక్కడ చేసేదీ అదే. తరంగం ఒకానొక దశకు వచ్చిన ప్రతిసారీ అయాను ఎక్కడ ఉన్నదో ఒక చుక్క పెట్టి, మధ్యలో అది చేసిన పరుగును వదిలేస్తాము. పొత్తు లేని అయాన్ల చుక్కలు దాదాపు సమతలమైన గీతలుగా పరుచుకుంటాయి. పొత్తు కుదిరిన చోట గీతలు విడిపోయి మధ్యలో కంటి ఆకారపు ద్వీపాలు లేస్తాయి. నా కంపనానికి మూడు ద్వీపాలు రావాలి.

మొదట అవి కాగితం చెప్పిన చోట కనిపించలేదు. 80లో రేఖ వెంట 22, అడ్డంగా 58 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు పంచుకున్న అయాను అరటిపండు కక్ష్యలో చిక్కుకునే హద్దుకు దగ్గరలో ఉంటుంది. లోపలి వైపు పోయినప్పుడల్లా దాని వేగం తగ్గుతుంది, చుట్టు తిరగడానికి నేను అనుకున్న దానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. అయస్కాంత భ్రామకాన్ని అలాగే ఉంచి శక్తిని కొంచెం కొంచెంగా పెంచుతూ వెతికితే ద్వీపాలు మూడూ వరుసగా బయటపడ్డాయి. కంపన పరిమితిని, అంటే తరంగపు ఎత్తును, నాలుగు రెట్లు పెంచితే వాటి వెడల్పు రెండు రెట్లయింది, ద్వీపం లోపల అయాను చుట్టూ తిరిగే వేగమూ రెండు రెట్లయింది. సిద్ధాంతం చెప్పేది కూడా అంతే.

ఈ ప్రాజెక్టులో నేను ఇంతవరకు నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది ఈ ద్వీపాల మీద వేలు పెట్టి చూపించవచ్చు. ద్వీపం ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోయేటప్పుడు అయాను కోల్పోయే శక్తి స్వల్పం, కాని అది బయటికి జరిగే దూరం స్వల్పం కాదు. పైన చెప్పిన నిత్యరాశి ఈ రెండింటినీ కట్టివేస్తుంది. నా సంఖ్యలతో లెక్కిస్తే 80లో ఒక్క కిలో ఎలక్ట్రాన్ వోల్టు తరంగానికి ఇచ్చిన అయాను సుమారు 9 మిల్లీమీటర్లు బయటికి జరగాలి. నాలుగు ఇస్తే మూడున్నర సెంటీమీటర్లు దాటుతుంది, అది అయాను గిరగిర వలయం వ్యాసార్థం కన్నా పెద్దది. తరంగం అయానును దోచుకోదు. నామమాత్రపు సుంకం తీసుకుని ఊరు మార్పిస్తుంది. కేంద్రం వద్ద అయాన్లు కిక్కిరిసి, అంచు వైపు పలచబడి ఉండటమే దానికి బతుకుతెరువు, ఎందుకంటే లోపలి నుంచి బయటికి పోయేవారు ఎక్కువ, బయటి నుంచి లోపలికి వచ్చేవారు తక్కువ, ప్రతి పోకలోనూ కొంత సుంకం తరంగానికి మిగులుతుంది.

24వ రోజు

తరంగపు మందం కొన్ని సెంటీమీటర్లే, గిరగిర వలయం వ్యాసార్థం రెండున్నర సెంటీమీటర్లకు పైన. ఇలాంటప్పుడు కేంద్రం దగ్గరి తరంగ విలువను మాత్రమే తీసుకోవడం న్యాయం కాదు. వలయం మీద నాలుగు బిందువుల వద్ద విలువలు తీసి సగటు చేశాను. ద్వీపాలు సన్నబడ్డాయి. పని నాలుగు రెట్లు నెమ్మదించింది.

31వ రోజు

ఒక్క తరంగం ఎంత పెద్దదైనా తన ద్వీపం లోపలే అయాన్లను కలియబెడుతుంది. వరి మడికి గట్టు ఉన్నంతకాలం మడిలో నీటిమట్టం చదును కావచ్చు గాని నీరు పక్క మడిలోకి పోదు. ద్వీపాల మధ్య ఇంకా చెదరని గీతలే ఆ గట్లు. రెండో తరంగం వచ్చి తన ద్వీపాలను పక్కన వేసి, రెండూ పెరిగి ఒకదానినొకటి ఒరుసుకుంటే గట్టు తెగుతుంది. ద్వీపాల సగం వెడల్పుల మొత్తం వాటి కేంద్రాల మధ్య దూరానికి సమానమయ్యేసరికి కక్ష్యలు అస్తవ్యస్తమవుతాయని చెప్పే నియమం బోరిస్ చిరికోవ్‌ది. ఆ తరువాత అయాను ఒక మడి నుంచి ఇంకో మడిలోకి పల్లానికి పారుతుంది.

కాబట్టి ఇక్కడ ఒక పెద్ద తరంగం కన్నా చాలా చిన్న తరంగాలు ఎక్కువ హాని చేయగలవు. డీ-త్రీ-డీలో ఇది ప్రశ్నగా నిలిచిన కథ ఆసక్తికరం. 2007లో హైడ్‌బ్రింక్ బృందం అక్కడి పుంజపు అయాన్ల వితరణ కేంద్రంలో శిఖరంలా ఉండవలసింది చదునుగా ఉన్నదని ప్రచురించింది. పుంజంలోని తటస్థ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను అందుకున్న వేగవంతమైన అయాను వెలువరించే ఎర్రని కాంతిని, డాప్లర్ జరుగుబాటు (అయాను వేగం వల్ల కాంతి రంగులో వచ్చే మార్పు) ఆధారంగా వేరుచేసి కొలిచారు. అక్కడి తరంగాలు మాత్రం ప్రధాన క్షేత్రంలో పదివేలవ వంతు స్థాయివి. ఇంత చిన్న అలలు అంత పని ఎలా చేస్తాయన్న దానికి 2010లో వైట్, గొరెలెంకోవ్, హైడ్‌బ్రింక్, వాన్ జీలండ్ ఇచ్చిన జవాబు గట్లు తెగడమే: అనేక చిన్న తరంగాల అనునాదాలు ఒకదానిపై ఒకటి పడటం. 2016లో అదే యంత్రంలో, కేంద్రం నుంచి అంచుకు అయాన్ల సంఖ్య తగ్గే వాలు ఒక హద్దు దాటేదాకా రవాణా పెద్దగా లేకుండా, దాటాక ఒక్కసారిగా పెరగడాన్ని కొలిచి చూపించారు.

నా వైపు నుంచి రెండో తరంగాన్ని చేర్చగానే ఒక ఇబ్బంది ఎదురైంది. రెండు తరంగాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే ఏ ఒక్క నిత్యరాశీ నిలవదు, నా తూకపురాయి చేజారింది. అడుగు సగం చేసి పోల్చుదామంటే అస్తవ్యస్త ప్రాంతంలో అతి చిన్న తేడా కూడా త్వరలోనే కొండంతవుతుంది, ఆ తేడా తప్పు వల్ల వచ్చిందో సహజమో చెప్పలేము. చివరికి తోచిన ఉపాయం ఇది: రెండో తరంగానికి వలయం చుట్టూ నాలుగు అలలు ఇచ్చి, పౌనఃపున్యాన్ని కావాలని మొదటిదానికి మూడింట నాలుగు వంతులుగా పెట్టాను. అప్పుడు రెండూ కలిసి ఒకే చక్రంలా తిరుగుతాయి, పాత నిత్యరాశి మళ్లీ వర్తిస్తుంది. ప్రకృతిలో అలాంటి జత దొరకనక్కరలేదు, ప్రోగ్రాముకు పరీక్ష దొరికింది చాలు. అది నెగ్గాక పౌనఃపున్యాన్ని అసలు విలువకు మార్చాను.

రెండు తరంగాల చిత్రం తక్కువ కంపన పరిమితి వద్ద రెండు వరుసల ద్వీపాలతో శుభ్రంగా ఉంది. పరిమితిని పెంచుతూ పోతే మొదట ద్వీపాల అంచులు మసకబారాయి, తరువాత వాటి మధ్య గీతలు ఒకటొకటిగా చెరిగిపోయాయి, చివరికి ద్వీపాల నడిబొడ్డు మాత్రం చుక్కల సముద్రంలో మిగిలింది. తరంగాలను ఐదుకు పెంచినప్పుడు ఇదే చెదరడం ఇంకా చిన్న పరిమితికే మొదలైంది.

38వ రోజు

గోడకు చేరిన అయాన్లను లెక్కపెట్టే భాగం రాశాను. ఎన్ని పోయాయో ఒక శాతంగా ముద్రించడం చాలా సులువు, అందుకే ఆ సంఖ్య మీద నాకు నమ్మకం తక్కువ. నా తరంగాలన్నీ ప్లాస్మా లోపలి సగంలోనే ఉన్నాయి. అవి కేంద్రపు మడులను చదును చేస్తాయి గాని, బయటి సగంలో గట్లు తెగకపోతే అయాను గోడ దాకా పోదు. పోయేవి ఎక్కువగా మొదటి నుంచీ అంచుకు దగ్గరగా తిరిగే అరటిపండు కక్ష్యల అయాన్లే, వాటికి ఒక చిన్న తోపు చాలు. అందువల్ల చదును కావడం, నష్టపోవడం అనే రెండింటినీ ఇకపై వేర్వేరు పట్టికల్లో రాయాలని నిర్ణయించుకున్నాను.

జర్మనీలో గార్షింగ్ వద్ద ఉన్న ఏస్‌డెక్స్ అప్‌గ్రేడ్‌లో గార్సియా-మున్యోస్ బృందం 2010లో ప్రచురించిన పనిలో ఈ తేడా స్పష్టంగా ఉంది. తరంగంతో లయ కలిపి నేరుగా పోయే అయాన్ల నష్టం కంపన పరిమితికి అనులోమంగా పెరిగింది, అస్తవ్యస్తంగా తిరిగి తిరిగి పోయే వాటి నష్టం పరిమితి వర్గానికి అనులోమంగా పెరిగింది. నా ప్రోగ్రాములో ఈ రెండు రకాల పెరుగుదలలూ వస్తాయో లేదో చూడటం మంచి పరీక్ష అవుతుంది. దానికి పది రెట్లు ఎక్కువ అయాన్లు కావాలి, ల్యాప్‌టాప్ రెండు రాత్రులు ఆగకుండా తిరగాలి.

43వ రోజు

కొలతలు మార్చి ఇటర్ వైపు తొంగిచూశాను. 5.3 టెస్లా క్షేత్రంలో, ఘనమీటరుకు 10 లక్షల కోట్ల కోట్ల అయాన్ల సాంద్రతకు ఆల్ఫ్వెన్ వేగం సెకనుకు సుమారు 7,300 కిలోమీటర్లు. పుట్టిన క్షణంలో ఆల్ఫా వేగం 13,000 కిలోమీటర్లు, పుంజంలోని 1 మెగా ఎలక్ట్రాన్ వోల్టు డ్యుటీరియం వేగం 9,800. డీ-త్రీ-డీలో నా అయాను అందుకోలేకపోయిన మొదటి అనునాదాన్ని ఇక్కడ రెండూ దాటిపోయే పుడతాయి, చల్లబడుతూ రెండు అనునాదాలనూ ఒకదాని తరువాత ఒకటి తాకవలసిందే. ఆల్ఫా గిరగిర వలయం వ్యాసార్థం 5 సెంటీమీటర్లు, ప్లాస్మా చిన్న వ్యాసార్థం 2 మీటర్లు. డీ-త్రీ-డీలో సుమారు ఇరవై మూడింట ఒక వంతున్న నిష్పత్తి ఇక్కడ నలభయ్యో వంతు. ప్లాస్మా అంత విశాలంగా ఉన్నప్పుడు పట్టే తరంగాల సంఖ్య పెరుగుతుంది, ఒక్కొక్కటి సన్నగా ఉంటుంది. అంటే గట్లు తెగే కథే అక్కడ ముఖ్యం. నాలుగు బిందువుల సగటు చాలదేమోనని ఎనిమిదికి పెంచి చూస్తున్నాను.

ఇక్కడ ఒక పక్క మాట. పుంజం వెలుతురుతో లోపలి అయాన్లను చూసే పద్ధతికి ఇటర్‌లో ప్రత్యేకంగా ఒక పుంజం ఉంటుంది. 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఆ హైడ్రోజన్ పుంజాన్ని అందించే బాధ్యత భారతదేశానిది, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ ఆ పని చూస్తున్నది. దాని ముఖ్యోద్దేశం హీలియం బూడిద, అంటే శక్తినంతా ఇచ్చేసి చల్లబడిన ఆల్ఫా కణాలు, ఎంత పేరుకున్నదో కొలవడం.

46వ రోజు

ఇప్పటిదాకా నా తరంగాల పరిమితి నేను చెప్పినట్టు నిలబడే ఉంది. నిజంలో అయాన్లు బయటికి పోతున్నకొద్దీ వాలు తగ్గి, తరంగానికి అందే సుంకమూ తగ్గి, అది అణగిపోవాలి. ఆ ప్రతిస్పందన రాయడం పెద్ద పని, ఇప్పుడే దాని జోలికి పోను. ముందుగా చేర్చవలసింది ఢీకొనడాలు. పుంజపు అయాను ఎలక్ట్రాన్లకు శక్తి ఇస్తూ చల్లబడటానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది, నా ఐదు మిల్లీసెకన్ల పరుగులో అది కనిపించదు. పరుగును యాభై మిల్లీసెకన్లకు పెంచి, ప్రతి అడుగులోనూ వేగాన్ని కొద్దిగా తగ్గించే పంక్తి ఒకటి చేర్చాను. తరంగం లేకుండా నడిపిన తొలి పరీక్షలో కోణీయ ద్రవ్యవేగం తగ్గవలసినంతే తగ్గింది. ఒక్క తరంగంతో నడిపిన రెండో పరీక్షలో, చల్లబడుతూ అనునాదం దగ్గరికి వచ్చిన అయాన్లలో ఎక్కువ భాగం ద్వీపాన్ని పక్కనుంచి దాటుకుని తమ దారిన పోయాయి. రెండు మాత్రం లోపల చిక్కి, చల్లబడుతూనే ద్వీపంతోపాటు బయటికి ప్రయాణించాయి. ఆ రెండింటి కక్ష్యలను విడిగా భద్రపరిచి, ఐదు తరంగాల పరుగును ఈ రాత్రికి మొదలుపెట్టాను.